బయట పట్టించిన కారం

గుంటూరులో మా బాబాయిది మిరపకాయల వ్యాపారం. యార్డులో టిక్కీలు కొని, తాలుకాయ ఏరించి, కొంత సరుకును సొంత మరలో కారం పట్టించి అమ్మేవారు. ఒక వేసవిలో లెక్కలు చూడమని నాకప్పగించారు. కోల్డ్ స్టోరేజీకి అద్దె ఇస్తున్నాం, ముచ్చికలు తీసే పనిని ఆడకూలీలకు కిలో లెక్కన ఇస్తున్నాం.. మరి ఏడాదిలో సగం రోజులు ఖాళీగా ఉండే మర మనకెందుకు? బయట పట్టిస్తే ఖర్చు తగ్గుతుందని తేల్చాను. ఆ కూడికలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను!

బాబాయి దోసెడు కాయలు నా ముందు పోసి, "కూలీలు చేసిన తప్పేదో చూపించరా" అన్నారు. ముచ్చిక ఉన్నవి రెండు, తాలుకాయ ఒకటి తీసి చూపించాను. తరువాత గుప్పెడు కారం పోశారు. "ఇందులో చూపించు."

నవ్వేసి, పట్టుబట్టి ఒక విడత బయటి మరకు పంపించాను. రంగు కలిసిందని సరుకు తిరిగి వచ్చింది. సంచి మీద ఉన్నది మా పేరు. రెండేళ్ళ పాత ఖాతా పోయింది.

కారంలో సుడాన్-1 అనే నిషిద్ధ రంగు కలిసిందని 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో 400కు పైగా ఆహార పదార్థాలను అంగళ్ళనుండి వెనక్కి తీసుకున్నారు. ఆ కారం వాడింది ఒక్క సాసులో. ఆ సాసు కలిపినవాళ్ళు ఎందరో. వాళ్ళలో ఎవరు ఏ మరను చూసి ఉంటారు?

ముచ్చికలు ఇప్పటికీ బయటే తీయిస్తున్నాం. మర మాత్రం మాదే. బెల్టు మార్చాలని నిన్న మళ్ళీ ఫోను వచ్చింది.