శునకస్పర్శ

మనవారు స్పర్శను మిక్కిలి పొదుపుగా వాడుకొందురు. ఎదురుపడిన మిత్రునకు చేతులు జోడించి నమస్కరింతుము; ఆ నమస్కార మెంత ఆదరపూర్వకమైనను, ఇరువురి నడుమ మూరెడు దూరమును నిలుపుకొనియే చేయవలసినది. పసిబిడ్డను ఇంటిల్లిపాదియు ఎత్తుకొని ముద్దాడుదురు. వాడు బడికి పోవు ఈడు వచ్చుసరికి ఎత్తుకొనుట తగ్గును. మీసము మొలచుసరికి తండ్రి చేయి కుమారుని భుజముమీద పడుట పరీక్ష తేరిన నాటికో, పెండ్లినాటికో పరిమితమగును. ఇక వార్ధక్యమున, పండుగకు వచ్చిన మనుమలు పాదములంటి లేచిన ఆ క్షణము తప్ప, ముదుసలి దేహమును తాకువారు వైద్యుడును క్షురకుడును దక్క వేరొకరు కానరారు. ఇట్టి మితస్పర్శానియమమునకు ఎన్నడును లోబడని ప్రాణి మన యిండ్లలో ఒక్కటే కలదు, అది కుక్క. పిలువకయే వచ్చి మోకాలిపై గడ్డము మోపును. వార్తాపత్రికకును కన్నులకును నడుమ తల దూర్చును. నిమురుట ఆపిన చేతిని మూతితో పైకెత్తి, పని యింకను పూర్తికాలేదని జ్ఞాపకము చేయును.

విచిత్రమేమనగా, ఇంత చనువు గల జంతువునే మన ఆచారము గడప కావల నిలిపినది. కుక్క తాకినచో స్నానము చేయవలెనని పెద్దలు విధించిరి. నీచోపమానము కావలసినపుడెల్ల శతకకారులు దానినే పిలిచిరి. అయినను పురాణములు దానిని పూర్తిగా వెలివేయజాలకపోయినవి. కాలభైరవునకు అది వాహనమైనది. దత్తాత్రేయుని పాదములకడ నాలుగు కుక్కలు నిలిచినవి. జనమేజయుని యాగశాలలో ఏ దోషమును చేయని సారమేయుని రాజసోదరులు కొట్టగా, దాని తల్లి సరమ వచ్చి రాజును నిలదీసి శపించిన కథ భారతమున ఆదిపర్వములోనే కలదు. తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గరథము నెక్కనని ధర్మరాజు ఇంద్రునితో వాదించిన కథ మహాప్రస్థానికపర్వమున కలదు. కుక్కలు గలవారికి స్వర్గమున చోటు లేదని ఇంద్రుడనగా, ఆశ్రయించినదానిని విడుచుట మహాపాతకమని ధర్మరాజు బదులు పలికెను. ఆ వాదము మహోన్నతమైనదే. కాని అంతటి వాదము చేసిన మహానుభావుడు ఒక్కమారు వంగి దాని తల నిమిరినట్లు ఆ కథలో లేదు. మన సంప్రదాయము కుక్కకు న్యాయము చేసినది, దానియందు ధర్మదేవతనే దర్శించినది. ఒడిలో చోటు మాత్రము ఇయ్యలేదు.

ఆ చోటు దానికి వేరొక చోట బహుపూర్వమే దొరకినది. ఇజ్రాయేలు ఉత్తరభాగమున ఐన్ మల్లాహా అను ప్రదేశమున సుమారు 12,000 సంవత్సరములనాటి సమాధియొకటి బయల్పడినది; అందలి మనుష్యుని చేయి ఒక పిల్లజంతువు దేహముపై ఉంచి యున్నది. అది కుక్కపిల్లయో, తోడేలుపిల్లయో తేల్చుటకు పండితులు కావలెను గాని, చేయి అచ్చట ఎందుకుంచిరో గ్రహించుటకు పాండిత్యముతో పని లేదు.

అట్లు చేయి వేయుటలోను, ఒరగి పండుకొనుటలోను దేహమునకు కలుగు మేలు ఎట్టిదో ఆధునికశాస్త్రము కొంతకు కొంత తెలుపగలిగినది. మన చర్మమున రోమములు గల భాగములయందు, మెల్లని స్పర్శకే చక్కగా పలుకు సన్నని నాడీతంతువులు కలవు. సెకనుకు ఒకటి మొదలు పది సెంటీమీటర్ల వేగముతో ఏదైన ఒరసి పోయినపుడు అవి అధికముగా స్పందించును. వేగము అంతకు మించినను తగ్గినను వాటి పలుకు మందగించును. తల్లి బిడ్డ వీపు నిమురు వేగము ఇంచుమించుగా ఇదే. ఇది ఎవరును కొలిచి నేర్పినది కాదు. ఇక కుక్క దేహోష్ణము 101 మొదలు 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు ఉండును. మనకు జ్వరమైనది దానికి ఆరోగ్యము. కావుననే పుష్యమాసపు చలిలో ప్రక్కను చేరిన కుక్క ఏ కంబళియు ఇయ్యజాలని వెచ్చదనము నిచ్చును.

దేహములోపల జరుగునది మరింత ఆశ్చర్యకరము. ప్రసవమునకును, స్తన్యము చేపుటకును తోడ్పడునదిగా మొదట తెలియవచ్చిన ఆక్సిటోసిన్ అను హార్మోనును 1953లో విన్సెంట్ డు విన్యో కృత్రిమముగా నిర్మించెను; 1955లో ఆయనకు రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. 2003లో దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞులు కుక్కలను నిమిరిన మనుష్యుల రక్తమును, నిమిరించుకొన్న కుక్కల రక్తమును పరీక్షించి, ఉభయులయందును ఆ హార్మోను పెరుగుటను కనుగొనిరి. 2015లో జపాను దేశపు అజబు విశ్వవిద్యాలయమువారు, కుక్కయు యజమానియు ఒకరి కన్నులలోనికొకరు చూచుకొనుటయే అందుకు చాలునని చూపిరి. మనుష్యులు పెంచిన తోడేళ్ళయందు మాత్రము అది కానరాలేదు. తల్లీబిడ్డల బంధమునకై ప్రకృతి తీర్చిన త్రోవనే నడచి, తోడేలు చేరలేని చోటికి కుక్క వచ్చి చేరినదన్నమాట.

ఈ పరిశోధనల చరిత్రలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టము మరియొకటి కలదు. రష్యాలో పావ్లోవ్ కడ పనిచేసి వచ్చిన హార్స్‌లీ గాంట్, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున కుక్కలను పరిశీలించుచు, మనుష్యుడు నిమిరినంతనే కుక్క గుండె వేగము తగ్గుటను గమనించెను. మన చేయి కుక్క గుండెకు ఇంత చేయగా, కుక్క మన గుండెకు ఏమి చేయునను ప్రశ్న పుట్టుట సహజమే. గాంట్ సహచరుడైన జేమ్స్ లించ్, ఎరికా ఫ్రీడ్మన్ మొదలగువారు కలిసి 1980లో ఒక వ్యాసమును ప్రకటించిరి. గుండెజబ్బుతో ఆసుపత్రి చేరి బయటపడిన 92 మందిని వారు ఏడాది తరువాత లెక్కింపగా, పెంపుడు జంతువులున్న 53 మందిలో ముగ్గురును, లేని 39 మందిలో 11 మందియు మరణించియుండిరి. ఆ సంఖ్యలు చిన్నవి. జంతువును సాకగల ఓపిక గలవారు ముందే కొంత దృఢముగా నుండవచ్చునను ఆక్షేపణయు న్యాయమైనదే. అయినను 1991లో కేరన్ అల్లెన్ మొదలగువారు చేసిన మరియొక పరీక్ష కారణమును కొంత సూచించుచున్నది. వారు స్త్రీలచేత నోటిలెక్కలు చేయించిరి. ప్రక్కన ప్రాణస్నేహితురాలు కూర్చున్నపుడు వారి నాడియు రక్తపుపోటును మిక్కిలి హెచ్చినవి. ప్రక్కన తమ కుక్క ఉన్నపుడు అంతగా హెచ్చలేదు. స్నేహితురా లెంత ప్రియమైనదైనను తప్పులు లెక్కించునేమోయని లోలోపల బెరుకుండును; కుక్కకు లెక్కలు రావు.

శునకస్పర్శయందలి గుణమంతయు ఇక్కడనే ఉన్నదని నా యభిప్రాయము. మనుష్యస్పర్శ యేదియు లెక్కలేనిది కాదు. భుజము తట్టినవాడు మరునాడు సాయమడుగునేమో. కౌగిలించుకొన్న బంధువు మన చిక్కిన ఒడలిని చూచి ఊరంతయు చెప్పునేమో. కుక్క మాత్రము మన ఉద్యోగమును, కులగోత్రములను, నిన్నటి అపజయమును ఎరుగదు, ఎరిగినను అడుగదు.

మా వీధిలో ఒక విశ్రాంతోపాధ్యాయుడు గారు కలరు. భార్య గతించినది, కుమారులిరువురును అమెరికాలో స్థిరపడిరి. ప్రతి ఆదివారమును వారి రూపమును, కంఠమును ఫోను తెచ్చి యిచ్చును, స్పర్శను తేజాలదు. వీధిలో పుట్టిన కుక్కపిల్ల నొకదానిని ఆయన చేరదీసెను. జీవితమంతయు తెలుగు పాఠములు చెప్పిన ఆ పెద్దమనిషి, మనవారందరివలెనే, కుక్కతో ఇంగ్లీషే మాటలాడును: ‘కమ్’, ‘సిట్’, ‘గుడ్ బాయ్’. తమ జన్మలో తండ్రినోట ‘మంచివాడవురా’ అను మాట వినలేదని పెద్దకుమారుడు నాతో ఒకనాడు నవ్వుచు చెప్పెను. కాని భోజనానంతరము అది వచ్చి ఒడిలో తల పెట్టి పండుకొన్నపుడు ఇంగ్లీషు తప్పుకొని, ‘ఏరా నాయనా, అలసిపోయావా’ అను తెలుగు దానంతట అదియే వెలువడుట నేను విన్నాను. ఆ కుమారుడు వేసవిసెలవులకు వచ్చినపుడు, తండ్రి యొక ప్రక్కను, తానొక ప్రక్కను కూర్చుండి కుక్కను నిమురుచు, చిరకాలముగా చెప్పుకొనవలసియుండి చెప్పుకొననివి దాని నెపమున చెప్పుకొనిరి. ‘మీ నాన్నకు కాఫీ తగ్గించమని చెప్పరా’ అని కుక్కకు కుమారుడు చెప్పుటయు, ‘వాడు మాత్రము వేళకు తినుచున్నాడా అడుగు’ అని తండ్రి అనుటయు జరిగినవి. రాయబారములు నెరపినవారిలో ఇంత నిష్పక్షపాతి మరియొకడు లేడు.

అయితే ఈ కౌగిలికిని ఒక మర్యాద కలదు. మెడచుట్టు చేతులు బిగించి హత్తుకొనుట మనకు ప్రేమ. పెక్కు కుక్కలకు అది బంధనము. తల ప్రక్కకు త్రిప్పుకొనుట, నిదుర రాకయే ఆవులించుట, పెదవులు నాకుకొనుట, కనుగ్రుడ్లు తెల్లగా కనబడునట్లు ఓరగా చూచుట, ఇవన్నియు అది ‘చాలు’ అని చెప్పు మాటలు. కొంతసేపు నిమిరి చేయి తీసివేయవలెను. మరల దగ్గరకు జరిగినచో దానికి సమ్మతము, జరుగనిచో సెలవు. చెవుల మూలమును, గడ్డముక్రిందను, రొమ్మును మెల్లగా నిమురుట సాధారణముగా దానికి ప్రీతి. తినుచున్నపుడును, నిద్రించుచున్నపుడును దానిని కదల్పరాదని పిల్లలకు ముందే చెప్పవలెను. రేబిస్ టీకా కాలము తప్పనీయరాదు. పిడుదులను, నులిపురుగులను ఎప్పటికప్పుడు తొలగించవలెను. మన పుండ్లను నాకనీయరాదు. పంటిగాటు పడినచో సబ్బునీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆలస్యము లేక వైద్యుని చేరవలెను. పెంపుడుకుక్కయే గదా యని ఉపేక్షించుట ప్రేమ కాదు, ప్రమాదము.

ఇన్ని మేళ్ళు విని, రక్తపుపోటు తగ్గుటకై కుక్కను కొనితెత్తమని బయలుదేరువారికి ఒక్క మనవి. అది మాత్ర కాదు. నడిరేయి పొరుగింటి పిల్లిని చూచి అది లంకించుకొను భషణమునకు తగ్గిన పోటు తిరిగి యథాస్థానమునకు చేరగలదు. వానలో షికారు, సోఫామీద రోమములు, కొరికిన చెప్పులు, పశువైద్యుని రుసుము, ఇవన్నియు ఆ కౌగిలి వెంట వచ్చునవే. పైగా ఎంత మేలు కలుగుచున్నదోయని నిమిషమునకొక మారు నాడి చూచుకొనుచు నిమురు చేతి బిగువును అది ఇట్టే కనిపెట్టి లేచి పోవును. ఫలమును మరచి నిమురువానికే ఫలము దక్కును. నిష్కామకర్మను బోధించు గీతావ్యాఖ్యానములు మన బీరువాలలో ఎన్నియో కలవు. వాటిని చదివి అర్థము కానివారికి అభ్యాసము చేయించుటకు గ్రామసింహమునకు మించిన గురువు లేడు, గురుదక్షిణగా అది కోరునదియు రెండు రొట్టెముక్కలే.