తమ్ముణ్ణి ఎక్కడ దింపి రావాలి?

వేసవి సెలవుల బైబిలు పాఠశాల అనగానే మనకు రంగు కాగితాలు, యాక్షన్ పాటలు, ఆఖరి రోజు పిల్లల ఊరేగింపు గుర్తుకు వస్తాయి. వాటి వెనుక ఒక వయసు లెక్క ఉంటుంది. నాలుగైదేళ్లవారు బిగినర్స్, ఆరు మొదలు ఎనిమిది వరకు ప్రైమరీ, తొమ్మిది మొదలు పదకొండు వరకు జూనియర్, ఆపైన ఇంటర్మీడియట్. పుస్తకాలను బట్టి ఒక ఏడు అటూ ఇటూ అవుతుంది. నాలుగేళ్లు నిండని బిడ్డలను మాత్రం తీసుకురావద్దని టీచర్లు ముందే చెబుతారు. ఈ చివరి మాటను గూర్చి కొంత వ్రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాము.

ఇలాంటి లెక్క మన పల్లెలలోనే కాదు, సముద్రం మీద కూడా ఉందట. మా సంఘములో ఒక పెద్దావిడ అమెరికాలో ఉన్న కుమారుని దగ్గరకు వెళ్లినప్పుడు, వాళ్లు ఆమెను వారం రోజుల ఓడ విహారానికి తీసుకొని వెళ్లారు. (2022 జూన్‌లో మన విశాఖపట్నం రేవు నుండి కూడా ఇలాంటి ఓడ నడిచింది.) ఆ ఓడలలో తలిదండ్రులు తీరికగా ఉండేటట్లు పిల్లలకు వేరే క్లబ్బులు ఉంటాయి. చాలా కంపెనీలలో మూడేళ్లు నిండి, మరుగుదొడ్డి అలవాటైన బిడ్డలనే అందులో చేర్చుకుంటారు. చేర్చుకున్న వారిని కూడా మన బైబిలు పాఠశాలలో లాగానే వయసు వారీగా గదులకు పంపుతారు. ఆరు నెలలు నిండని శిశువును అసలు ఓడ ఎక్కనివ్వని కంపెనీలు ఎన్నో ఉన్నాయి. మహాసముద్రం దాటే దూర ప్రయాణమైతే ఏడాది నిండాలంటారు. నడి సముద్రములో ఆసుపత్రి ఎక్కడుంటుంది?

ఆ పెద్దావిడ మనుమరాలికి ఏడేళ్లు, పెద్ద మనుమడికి నాలుగు, చిన్నవాడికి ఏడాదిన్నర. మొదటి ఇద్దరిని రెండు వేరు వేరు గదులకు పంపితే అక్క దగ్గరకు పోతానని వాడు ఒకటే ఏడుపట. చిన్నవాణ్ణి తీసుకోనే లేదు. “అయ్యగారూ, సముద్రం చూడడానికి పిలిచారనుకున్నానండి. తీరా చూస్తే బిడ్డను చూడడానికి పిలిచారు” అని ఆమె చెబుతుంటే మేమందరమూ నవ్వాము.

ఓడ వారి నియమాన్ని తప్పు పట్టలేము. ఒక మనిషి ఎంతమంది పసివాళ్లను కనిపెట్టగలదు? రెండేళ్ల బిడ్డ బట్టలు తడుపుకుంటాడు, దొరికినది నోట్లో పెట్టుకుంటాడు, ఒకడు ఏడిస్తే పక్కవాడు అందుకుంటాడు. అక్కడ ఆ నియమం బరువు ఒక నానమ్మ మీద పడింది. ఆమెకు గది ఉంది, మంచం ఉంది, వేళకు భోజనం ఉంది. మన గుంటూరు, ప్రకాశం పల్లెలలో అదే నియమం పెడితే ఆ బరువు పదేళ్ల అక్క మీద పడుతుంది.

ఇది తెలియాలంటే మా ప్రాంతపు పనుల కాలం తెలియాలి. దసరా దాటిన తరువాత పత్తి తీత మొదలవుతుంది. సంక్రాంతి నుండి మిరపకాయల కోత. గుంటూరు యార్డుకు టిక్కీలు చేరిన తరువాత కూడా పని అయిపోదు. ఎండాకాలమంతా తొడిమలు తీసే పని ఉంటుంది. తెల్లవారక ముందే ఆటో వచ్చి వీధి చివర హారన్ కొడుతుంది. తల్లి అన్నం గిన్నె కట్టుకొని ఎక్కుతుంది. పాలు మరచిన బిడ్డను మిరప కల్లానికి తీసుకొని పోలేరు. ఆ ఘాటుకు పెద్దవాళ్లకే కళ్లు నీళ్లు కారుతాయి. పసివాడి చేతికి అంటి, ఆ చెయ్యి కంటికి తగిలితే సాయంత్రం వరకు ఏడుపే. పత్తి చేనైతే గట్టున ఉన్న తుమ్మచెట్టుకు పాత చీర కట్టి ఊపవచ్చు. అయినా ఊపడానికి ఒకరు కావాలి. ఆ ఒకరు దాదాపు ఎప్పుడూ ఆడపిల్లే.

కర్నూలు వైపు నుండి, మా ప్రకాశం పడమటి ఊళ్ల నుండి కూడా మిరప కోతకు కుటుంబాలు గిన్నెలు, దుప్పట్లతో సహా తరలి వస్తాయి. ఇలా వలస పోయేవారి పిల్లల చదువు ఆగకూడదని ప్రభుత్వం సొంత ఊళ్లలో సీజనల్ హాస్టళ్లు నడిపింది. మంచి పనే. కానీ అవి బడి ఈడు పిల్లలకు. రెండేళ్లవాడు తల్లి వెంట వెళ్లవలసిందే. వాడిని చూడడానికి హాస్టల్లో ఉండవలసిన అక్క కూడా వెళ్లడం మేము కళ్లారా చూస్తున్నాము. చిన్నవాడికి చోటు లేనందువలన పెద్దదాని చోటు ఖాళీగా ఉంటున్నది.

మన దేశపు చట్టాలలో పిల్లల వయసులకు కొదువ లేదు. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం కింద వచ్చిన అంగన్‌వాడీలో మూడు నుండి ఆరేళ్ల వారికి పూర్వ ప్రాథమిక విద్య. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యా హక్కు చట్టం ఆరు నుండి పద్నాలుగేళ్ల వారికి. ముప్పై మందికి మించి స్త్రీలు పని చేసే ఫ్యాక్టరీలో ఆరేళ్లలోపు బిడ్డలకు ఒక గది ఉండాలని 1948 నాటి చట్టం చెప్పింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టమైతే ఇంకా ముందుకు వెళ్లింది. పని చోటికి ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు వస్తే, వారిని చూడడానికి ఒక స్త్రీని నియమించి ఆమెకూ కూలి ఇవ్వాలని వ్రాసింది. బిడ్డను ఎత్తుకోవడం కూడా కూలి ఇవ్వవలసిన పనే అని ఒప్పుకున్న మాట అది. కానీ రైతు మిరప చేను ఫ్యాక్టరీ కాదు, ఉపాధి హామీ పనీ కాదు. ఇక పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టకూడదని 2016లో సవరించిన బాల కార్మిక చట్టం అంటున్నది గాని, తమ్ముణ్ణి చంకన వేసుకొని ఇంటి దగ్గర కూర్చున్న పిల్లను చూసి అది కూలి పని అని ఎవరంటారు?

వయసు సంగతి వచ్చింది గనుక ఒక మాట. మా పల్లెలో ఒకే బిడ్డకు మూడు వయసులు ఉంటాయి. బస్సులో అయిదేళ్లలోపు వారికి టిక్కెట్టు లేదు గనుక అక్కడ నాలుగున్నర. బడిలో వేయాలంటే ఆరు. జాతరకో పెండ్లికో పట్నం వెళ్లి రైలులో బెర్తు కావాలంటే, 2016 ఏప్రిల్ నుండి అయిదేళ్లు దాటిన వారికి పూర్తి చార్జీ గనుక మళ్లీ నాలుగున్నర! నిజమైన వయసు కావలసినప్పుడు మా ఇంటికి వచ్చి, “అయ్యగారూ, బిడ్డను ప్రతిష్ఠించిన తారీఖు రిజిస్టరులో చూడండి” అంటారు.

బైబిలులో కూడా వయసు నియమాలు ఉన్నాయి. అవి మారాయి కూడా. లేవీయులు గుడారపు సేవలో ప్రవేశించడానికి సంఖ్యాకాండము నాలుగవ అధ్యాయములో ముప్పై ఏళ్లు. ఎనిమిదవ అధ్యాయానికి వస్తే ఇరవై అయిదు. దావీదు దినములలో, మొదటి దినవృత్తాంతములు ఇరవై మూడవ అధ్యాయములో, ఇరవై. దావీదు దానికి చెప్పిన కారణం మాకు ఎంతో ఇష్టం. ఇకమీదట గుడారాన్ని మోసే పని లేదు గనుక. పని మారింది, వయసు మారింది. అంటే వయసు నియమం ఆకాశం నుండి ఊడిపడినది కాదు, చేయవలసిన పని ఎంత బరువో చూసి పెట్టినది. నిర్గమకాండము రెండవ అధ్యాయములో ఏటి ఒడ్డున జమ్ము పెట్టెను దూరం నుండి కనిపెట్టి నిలబడిన మోషే అక్కను చూసినప్పుడల్లా మాకు మా మిరప పల్లెల ఆడపిల్లలే గుర్తుకు వస్తారు. ఆమె వయసు ఎంతో అక్కడ వ్రాయబడలేదు.

కొన్నేళ్ల క్రిందట ఒక మే నెలలో, మేము పరిచర్య చేసే ఊళ్లలో ఒకచోట బైబిలు పాఠశాల మొదటి రోజున, ఒక అమ్మాయి కిటికీ బయట నిలబడి ఉంది. చంకలో తమ్ముడు. లోపల పిల్లలు రెండు చేతులతో చేసే యాక్షన్‌ను ఆమె ఒక చేత్తో చేస్తున్నది. “అమ్మా, తమ్ముణ్ణి ఇంటి దగ్గర దింపి రా” అన్నది టీచరు. “ఇంటికాడ ఎవరూ లేరండి. అమ్మ తొడిమలకు పోయింది.” “మరి నాయనమ్మ?” “ఆమె కూడా పోయిందండి.”

ఆ సాయంత్రం టీచర్లతో కూర్చున్నాము. వారందరూ ఇంటరు, డిగ్రీ చదివే పిల్లలు; జీతం లేకుండా ఎండలో వచ్చి పని చేసేవారు. ఒక్కొక్కరి దగ్గర ముప్పై మంది. ఒక్క పసివాడు లోపలికి వస్తే పాఠం సాగదన్నారు. అది నిజమే. “ఒక్కణ్ణి రానిస్తే రేపు పది మంది వస్తారండి” అని ఒక తమ్ముడు అన్నాడు. అతడు లెక్కలో కొద్దిగానే తప్పాడు. మరునాడు పదకొండు మంది వచ్చారు.

టీచర్లు తమ నియమాన్ని విడువలేదు, తరగతిలోనికి పసివాళ్లు రాలేదు. మందిరపు వరండాలో చాప పరిచి ఇద్దరు అవ్వలను కూర్చోబెట్టాము. అక్కలు బిడ్డను అవ్వకు అప్పగించి లోపలికి పోవాలి. తెచ్చినవారే తిరిగి తీసుకొని పోవాలి. పేరు బిడ్డ చేతి మీద పెన్నుతో వ్రాయాలి. తడిసిన గుడ్డ మార్చడానికి మన అవ్వలకు ఏ నియమమూ అడ్డు రాదు. ఆ విషయములో మా చాప ఓడ కన్నా మేలు. అయితే మూడవ రోజున ఒక అవ్వ కునికింది. ఒక బిడ్డ పాకుతూ బోరింగు దగ్గర బురదలోనికి పోయాడు. దారిన పోయే ఒకాయన ఎత్తుకొని వచ్చాడు గాని అందరికీ గుండె ఆగినంత పనైంది. అప్పటి నుండి మూడవ అవ్వ వచ్చింది, ఒక అవ్వకు నలుగురే అని లెక్క పెట్టారు. మొత్తం పన్నెండు. వయసు లెక్క పోయి తలల లెక్క వచ్చిందన్నమాట. పదమూడవ బిడ్డతో ఒక అమ్మాయి వచ్చినప్పుడు ఏమి చేయాలని టీచర్లు మా వైపు చూశారు. ఆలోగానే ఒక అవ్వ ఆ బిడ్డను ఒడిలో వేసుకుంది. ఆమెకు లెక్కలు రావు.

కిటికీ దగ్గర నిలబడిన అమ్మాయి తొమ్మిది రోజులు వచ్చింది. కంఠత వాక్యాలలో ఆమెకు రెండవ బహుమానం దొరికింది. ఒక స్టీలు గ్లాసు. దానితో తమ్ముడికి నీళ్లు పట్టింది.

మే నెలలో పది రోజులు సులభమే. అసలు కష్టం నవంబరు నుండి ఏప్రిల్ వరకు, బడి నడిచే రోజులలో. తల్లి ఆరు గంటలకు ముందే ఆటో ఎక్కుతుంది. అంగన్‌వాడీ పొద్దెక్కిన తరువాత తెరుస్తారు. మూడేళ్లు నిండనివాణ్ణి రోజంతా ఉంచుకోరు. అంగన్‌వాడీలోనే పసిపిల్లల సంరక్షణ కేంద్రం కూడా నడిపే పాల్నా పథకాన్ని 2022లో కేంద్ర ప్రభుత్వం తెచ్చింది గాని, మా పల్లెలకు అది ఇంకా రాలేదు. వస్తే సంతోషము. ఈలోగా అక్క బడి పోతున్నది. వారానికి రెండు రోజులు మానిన పిల్ల, సంక్రాంతి తరువాత అసలే మానుతుంది. మరి మన మందిరమో? ఆదివారం ఆరాధన అయిన తరువాత తాళం పడితే మళ్లీ శనివారం ఊడ్చేటప్పుడే తీస్తాము. ఫ్యాన్లు ఉన్నాయి, నీళ్ల పంపు ఉంది, గేటు ఉంది.

అందుకే ఈ మిరప కాలంలో వారపు రోజులలో కూడా మందిరం తెరవాలని మూడు ఊళ్ల పెద్దల ముందు పెట్టాము. మూడేళ్లలోపు బిడ్డలు, తెల్లవారుజాము నుండి సాయంత్రం వరకు, అవ్వకు నలుగురు. ఏ మతమువారి బిడ్డ అని అడగకూడదని ముందే అనుకున్నాము. అవ్వలను పిలిచి అడిగితే ఇద్దరు ఒప్పుకున్నారు. మూడవ ఆమె కొంచెం ఆలోచించి, “చూస్తామండి అయ్యగారూ. మరి మా తొడిమల కూలి ఎవరిస్తారండి?” అన్నది. న్యాయమైన మాట. వచ్చే ఆదివారం ఆరాధన అయిన తరువాత కమిటీ కూర్చోబోయేది ఆ కూలి మాట తేల్చడానికే. ఒకరు కానుకల పెట్టె నుండి ఇద్దామంటున్నారు. ఒకరు తల్లులు తలా కొంత వేసుకోవాలంటున్నారు. యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఒక విశ్వాసి మొదటి నెల కూలి తానే ఇస్తానని కబురు పంపారు.