సీ డ్రైవు కొలిచి డిస్కు ఇంతే అన్నాను

ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసుకునే పని నాది. కమాండ్ ప్రాంప్ట్ చూపిన అంకె మీద నాకు గట్టి గురి. ఆ గురితోనే ఒక నిజాయతీపరుడైన వ్యాపారిని నలుగురిలో మోసగాడన్నాను. ఆ తప్పు ఇంకొకరు చేయకూడదని ఇది రాస్తున్నాను.

మా అకౌంట్స్ కంప్యూటర్లో 240 జీబీ ఎస్‌ఎస్‌డీ నిండిపోయింది. సికింద్రాబాద్‌లోని ఒక దుకాణంలో 1 టీబీది కొని, పాతదాన్ని ఉన్నదున్నట్టు దానిలోకి క్లోన్ చేశాను. విండోస్ ఏ ఇబ్బందీ లేకుండా లేచింది. సైజు చూద్దామని డబ్ల్యూఎంఐసీ లాజికల్‌డిస్క్ ఆదేశం ఇస్తే సీ డ్రైవుకు పాత అంకే వచ్చింది. ఎఫ్‌ఎస్‌యుటిల్‌తో చూసినా అంతే. రెండూ ఒకే మాట చెప్పాక ఇక అనుమానమేమిటనుకున్నాను. చిన్న డిస్కుకు పెద్ద లేబుల్ అంటించి అంటగట్టారని తీర్మానించుకుని, దుకాణానికి వెళ్లి అందరి ముందూ గొంతు పెంచాను.

ఆయన ఎదురు మాట అనలేదు. డిస్కును తన కంప్యూటర్‌కు తగిలించారు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, డిస్క్‌పార్ట్‌లోకి వెళ్లి, లిస్ట్ డిస్క్ అని కొట్టారు. సైజు దగ్గర 931 జీబీ, పక్కనే ఫ్రీ దగ్గర 700 జీబీకి పైగా కనిపించాయి. "డిస్కు మొత్తం ఉంది సార్. మీరు చూసింది సీ ఒక్కటే" అన్నారు.

నేను వాడిన రెండు ఆదేశాలూ చెప్పేది ఒక్క వాల్యూమ్ సంగతే. క్లోన్ చేసినప్పుడు పాత పార్టిషన్ పాత కొలతతోనే కొత్త డిస్కులోకి వచ్చింది. మిగిలిన జాగా దేనికీ కేటాయించకుండా ఖాళీగా ఉంది. కట్టిన గదిని కొలిచి స్థలమే అంతని వాదించినట్టయింది నా పని. రెండు ఆదేశాల జవాబూ ఒకటే అయిందంటే, రెంటినీ నేనడిగింది ఒకే ప్రశ్న గనుక.

931 దగ్గర కూడా చాలామంది అనుమానపడతారు. తయారీదారు లెక్కలో 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. విండోస్ మాత్రం 1,07,37,41,824 బైట్లను 1 జీబీగా లెక్కిస్తుంది. ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేది 931. అందులో మోసమేమీ లేదు.

ఇప్పుడు డిస్కు మొత్తం కావాలంటే డిస్క్‌పార్ట్‌లో లిస్ట్ డిస్క్, లేదా పవర్‌షెల్‌లో గెట్-డిస్క్ వాడతాను. ఒక్కో డ్రైవు సైజు కావాలంటే గెట్-వాల్యూమ్ చాలు. డిర్ ఆదేశం చివరి వరుసలో కనిపించేది ఖాళీ జాగా మాత్రమే, మొత్తం కాదు. డబ్ల్యూఎంఐసీని మైక్రోసాఫ్ట్ పక్కన పెడుతోంది. విండోస్ 11 కొత్త వెర్షన్లలో అది ముందుగా ఇన్‌స్టాల్ అయి రాదు, కాబట్టి పాత స్క్రిప్టుల్లో ఉంటే మార్చుకోవాలి. డిస్క్‌పార్ట్‌తో మాత్రం జాగ్రత్త. సైజు చూడగానే ఎగ్జిట్ కొట్టి బయటికి రండి. అక్కడ క్లీన్ అనే ఆదేశం ఇస్తే, ఎంచుకున్న డిస్కులోని పార్టిషన్లన్నిటినీ మారు మాట అడక్కుండా చెరిపేస్తుంది.

ఆ రోజు ఆయనకు క్షమాపణ చెప్పుకున్నాను. కానీ అరిచింది నలుగురి ముందు, క్షమించమన్నది వాళ్లు వెళ్లిపోయాక. వాళ్ల దృష్టిలో ఆయన మీద పడిన మచ్చను నేను తుడవలేకపోయాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుకే నా మనవి ఒక్కటే. సైజు తక్కువగా కనిపిస్తే, ఆ అంకె డ్రైవుదా, మొత్తం డిస్కుదా అన్నది ముందు తేల్చుకోండి. అది తేలేదాకా ఎవరినీ ఒక్క మాట కూడా అనకండి.