చిన్న కీలు



ఇప్పుడు పల్లెటూరి సంఘములలో కూడ కంప్యూటరు కనబడుతున్నది. బాప్తిస్మముల రిజిస్టరు, పెండ్లి వివరములు, చందాల లెక్కలు, ఆదివారపు పాటలు అందులోనే దాచుకొంటున్నాము. అవన్నీ ఉండేది పెట్టె లోపలనున్న హార్డ్ డిస్క్‌లో. ఆ డిస్క్‌లోని సమాచారము బయటికి రావలసిన దారి మాత్రము అర అంగుళపు ప్లాస్టిక్ కనెక్టరు. అది విరిగితే ఏమి చేయవలెనో మా సంఘములో జరిగినదాని వలన నేర్చుకొన్నాము.

2014లో మా యౌవనస్థులు పెద్దల ఇండ్లకు వెళ్లి వారి సాక్ష్యములు రికార్డు చేశారు. మొత్తము పదకొండు మంది. ప్రభువును ఎట్లు తెలిసికొన్నారో, మొదటి మందిరము తాటాకులతో ఎట్లు వేసుకొన్నారో, పనులు దొరకని రోజులలో గంజి ఎట్లు పంచుకొన్నారో తమ నోటితోనే చెప్పారు. వారిలో తొమ్మిది మంది ఇప్పుడు ప్రభువునందు నిద్రించారు. వారి మాటలు ఆ ఒక్క డిస్క్‌లోనే ఉన్నాయి.

2022లో క్రిస్మస్‌కు ముందు మందిరమునకు సున్నము వేయుటకు వచ్చిన పనివాళ్లు కంప్యూటరును పక్క గదికి మోశారు. పక్క మూత లేని పెట్టె అది. లోపలి కేబుల్ తలుపు గడియకు తగులుకొని గట్టిగా లాగబడింది. తరువాత మీట నొక్కితే డిస్క్ కనబడలేదు. టౌనులో ఒక షాపులో చూపిస్తే, "డిస్క్ పోయిందండీ, కొత్తది వేసుకోండి" అన్నారు. ఆ సాయంత్రము ఒక సహోదరి మా ఇంటికి వచ్చి కన్నీళ్లు పెట్టుకొన్నది. ఆమె దగ్గర తల్లి ఫోటో ఉన్నది. తల్లి గొంతు ఆ డిస్క్‌లో తప్ప ఎక్కడా లేదు.

మా పాటల బృందములో సెల్‌ఫోన్లు బాగుచేసే అబ్బాయి ఒకడున్నాడు. టార్చిలైటు, భూతద్దము తెచ్చి చూచి, "పిన్నీ, డిస్క్ బాగానే ఉంది. దాని మూతి విరిగిందంతే" అన్నాడు.

అతడు చెప్పినది ఇది. పాత రోజులలో డిస్క్‌కు 40 పిన్నుల వెడల్పాటి పట్టీ కేబుల్ ఉండేది. 2003 నుండి 'సాటా' అనే సన్నని కేబుల్ వచ్చింది. దీనికి రెండు మూతులు. సమాచారము వచ్చేదానికి 7 పిన్నులు, కరెంటు వచ్చేదానికి 15. ఇంగ్లీషు 'ఎల్' అక్షరము వంటి పలుచని ప్లాస్టిక్ నాలుక ఆ పిన్నులకు ఆనుడుగా ఉంటుంది. తిన్నగా లాగితే ఊడి వస్తుంది, పక్కకు వంచితే పుటుక్కున విరుగుతుంది. లోపలి కేబుల్‌ను సుమారు 50 సార్లు పెట్టి తీయుటకే తయారు చేస్తారట. కొన్ని కేబుళ్లకు చిన్న ఇనుప క్లిప్పు ఉంటుంది. అది నొక్కకుండ లాగకూడదు.

మా డిస్క్‌కు విరిగినది 7 పిన్నుల వైపు. నాలుక విరిగి కేబుల్ లోపలే ఇరుక్కొన్నది. పిన్నులు మాత్రము ఏడును డిస్క్‌కే నిలిచి ఉన్నాయి. ఆ ముక్కను స్క్రూడ్రైవరుతో పెకలించకుండ కేబుల్‌లోనే ఉండనిచ్చాడు. కరెంటు ప్లగ్గు తీసివేసి, వంగిన పిన్నును సూదిమొనతో సరిచేసి, ఆ ముక్క మునుపటివలెనే పిన్నులకు ఆనుకొనేటట్లు కేబుల్‌ను మెల్లగా తోశాడు. కదలకుండ టేపు వేసి మీట నొక్కితే డిస్క్ కనబడింది. జిగురు వేస్తే పిన్నుల మీదికి పారుతుందని వేయలేదు. ముందుగా సాక్ష్యములను, తరువాత మిగిలినవాటిని వేరొక డిస్క్‌లోకి కాపీ చేశాడు. మూడు గంటలు పట్టింది. అంతవరకు ఆ బల్లను ఎవరినీ ముట్టనీయలేదు. ఆ రాత్రి ఆ సహోదరి తన తల్లి దగ్గి, గొంతు సవరించుకొని, సాక్ష్యము మొదలుపెట్టుట విన్నది.

ఇటువంటిది మీకు జరిగితే కొన్ని సంగతులు జ్ఞాపకముంచుకొనండి. కరెంటు వైపు మూతి విరిగితే ఇంట్లో ప్రయత్నించవద్దు. అక్కడ 12 వోల్టులు, 5 వోల్టులు ఒకే మూతిలో ఉంటాయి. ఒకటినొకటి తాకితే బోర్డు కాలిపోవచ్చును. పిన్నులే ఊడిపోతే సోల్డరింగ్ బాగా తెలిసినవారి దగ్గరకే తీసుకొని వెళ్లండి. అదే కంపెనీ డిస్క్ బోర్డు తెచ్చి మార్చితే చాలదు. ఈ కాలపు డిస్క్‌లలో బోర్డు మీదనున్న చిన్న చిప్‌లో ఆ డిస్క్‌కు మాత్రమే చెందిన వివరములుంటాయి, దానిని కూడ మార్చవలసి ఉంటుంది. డిస్క్ మూత మాత్రము ఎన్నడును విప్పవద్దు. ధూళి రేణువు పడినా లోపలి పళ్లెములు చెడిపోగలవు. బాగైన డిస్క్‌ను మరల వాడుకలో పెట్టవద్దు. ముఖ్యమైనవాటికి రెండు ప్రతులు ఉంచి, ఒకటి వేరొకరి ఇంట్లో దాచండి. మా సంఘములో ఇప్పుడు అట్లే చేస్తున్నాము.

అపొస్తలుడైన పౌలు ఎఫెసీయులకును కొలొస్సయులకును వ్రాసిన పత్రికలలో సంఘమును శరీరముతో పోల్చి, దానిని అతికించే కీళ్లను గూర్చి కూడ వ్రాశాడు. కీలు చిన్నదే. అది తొలగితే బలమైన చెయ్యి కూడ పనికిరాకుండ వ్రేలాడుతుంది.

మందిరమునకు రావడము మానిన ఇంటిని గూర్చి మనము కూడ "వాళ్లు పోయారు" అని తేలికగా అంటాము. ఎక్కడ విరిగినదో దీపము పట్టుకొని చూచేవారు తక్కువ. కమిటీలో ఒక కఠినమైన మాట, మరణము జరిగిన ఇంటికి ఎవరూ వెళ్లకపోవడము, అటువంటి చిన్న చోటనే కీలు విరిగి ఉంటుంది. ప్రభువు వారి హృదయములో ఉంచినది ఇంకను అక్కడనే ఉన్నది. బలవంతముగా లాగితే మిగిలిన పిన్నులు కూడ వంగుతాయి. నెమ్మదిగా వెళ్లి, కూర్చుండి, వారి మాట వినవలెను.

ఈ నెలలో అటువంటి ఒక్క ఇంటి తలుపు తట్టుటకు ప్రభువు మనకందరికి కృప అనుగ్రహించును గాక. ఆమేన్.