అరకు కొండలకు వీపు సంచీ

మన తెలుగులో మంచు అనే మాటకి చాకిరీ ఎక్కువ. తెల్లవారుజామున గడ్డిమీద మెరిసేదీ మంచే, కొండల్ని కప్పేసే పొగా మంచే, హిమాలయాల్లో నిలువెత్తున పేరుకునేదీ మంచే. ఈ ఒక్క మాట మూలాన మా అన్నయ్య కొడుకు మొన్న శ్రావణమాసంలో అరలక్షకు పైగా తగలెయ్యబోయాడు.

వాడు విశాఖపట్నంలో ఇంజనీరింగు చదువుతున్నాడు. "బాబాయ్! నేనూ మా స్నేహితుడూ మోటారుసైకిలు మీద అరకు వెళ్ళి, అక్కణ్ణించి పాడేరు మీదుగా లంబసింగి చూసి వస్తాం. దారంతా మంచుట. అందుకని ఈ సంచీ చూశాను" అంటూ ఫోను నా ముక్కుకింద పెట్టాడు. అందులో ఎవరో దొరగారు మంచుమీద పరుగెత్తే మోటారుబండి ఎక్కి వున్నారు. ఆయన వీపు సంచీలోంచి రెండు ఎర్రని బెలూన్లు ఏనుగు చెవుల్లా బయటికి పొడుచుకొచ్చాయి.

మా ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసి, "పుట్టినరోజు పండగ కాబోలు" అంది.

నవ్వాం గాని, ఆ సంచీ కథ నవ్వులాట కాదు. వెనక జర్మనీలో బవేరియా కొండల్లో అడవి వుద్యోగి ఒకాయన, వేటాడిన జంతువుని భుజాన వేసుకుని వస్తూ మంచుచరియలో చిక్కుకున్నాడట. ఆ బరువుకి అడుక్కి పోవలసినవాడు పైకి తేలాడు. ఇందులో మాయ ఏమీ లేదు. ఇంట్లో మిక్చరు డబ్బా కుదిపి చూడండి. పల్లీలు పైకి వస్తాయి, పొడి అడుగుకి దిగుతుంది. జారే మంచులోనూ అంతే, ఆకారం పెద్దదైనది పైన వుంటుంది. ఈ కిటుకు మీదనే 1985లో మొదటి సంచీలు అమ్మకానికి వచ్చాయి. భుజం పట్టీకి వున్న పిడి లాగితే క్షణాలమీద సుమారు 150 లీటర్ల గాలి బెలూన్లలో నిండి, మనిషిని పెద్దవాణ్ణి చేసేస్తుంది. మన దేశంలో గుల్‌మర్గ్ వంటిచోట, తొక్కని మంచులో తిరిగేవాళ్ళకి ఇది పనికొచ్చే వస్తువే.

అయినా అది తాయెత్తు కాదు. 2014లో అచ్చయిన ఒక పరిశోధన లెక్క ప్రకారం, పెద్ద మంచుచరియల్లో చిక్కుకున్నవాళ్ళలో బెలూను విచ్చుకోనివాళ్ళు నూటికి 22 మంది చనిపోతే, విచ్చుకున్నవాళ్ళు 11 మంది చనిపోయారు. అంటే సగానికి సగం మేలు. కాని అదే లెక్కలో ఇంకో సంగతి వుంది. అయిదు సంచీల్లో ఒకటి అసలు విచ్చుకోనే లేదు. అలా విచ్చుకోనివాటిలో సగానికి మించి తప్పు సంచీది కాదు, మనిషిది. ఆ కంగారులో పిడి లాగలేకపోయారు!

"అదంతా సరేరా, అరకులో ఇలాంటి మంచు ఎప్పుడైనా పడిందిట్రా?" అన్నాను.

"లేదు బాబాయ్. కాని కొండచరియలు విరిగి పడతాయిగా?"

ఆ మాటకి నా నోరు మూతపడింది. పడతాయి. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా వుండే రాయికి ఖోండలైటు అని పేరు. అక్కడి ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. ఆ రాయి ఎండకీ వానకీ నాని పుచ్చి ఎర్రమట్టి అయిపోతుంది. రోడ్డుకోసం దాని పాదం తవ్వేశాక, నాలుగురోజులు ముసురు పట్టిందంటే పైనున్నది కిందికి వస్తుంది. 2024 జూలై 30న వయనాడులో రెండువందలమందికి పైగా పోయిన సంగతి అందరికీ తెలిసిందే. ఆ సెప్టెంబరులోనే మన గూడెం కొత్తవీధి మండలంలోనూ చరియలు విరిగి ఇళ్ళమీద పడ్డాయి. అయితే తడిసిన మట్టి, బండలు, మాకులు ఒక్కసారి వచ్చి పడితే బెలూను ఏం చేస్తుంది? అది మంచుకోసం పుట్టిన వస్తువు.

ఇది విని వాడు కొంత దిగాడు. ఇంకో బొమ్మ తీశాడు. మోటారుసైకిలు నడిపేవాళ్ళు తొడుక్కునే గాలి చొక్కా. ఒక తాడు బండికి కట్టి వుంటుంది. మనిషి ఎగిరి పడితే తాడు గుంజుకుని, చిన్న సిలిండరులోని గ్యాసు మెడచుట్టూ గుండెచుట్టూ దిండులా నిండుతుంది. ఇది మాత్రం మన దారికి సంబంధించినదే. 2021 ఫిబ్రవరి 12 రాత్రి డముకు మలుపులో యాత్రికుల బస్సు లోయలో పడి నలుగురు పోయిన ఘాటు అది. కాని వాడి హెల్మెట్ చూద్దును గదా, కొక్కెం విరిగి వుంది. వెనక కూర్చునేవాడికి అసలు లేనే లేదు. తలకి లేని శ్రద్ధ మెడకి దేనికి? ఐ.ఎస్.ఐ. ముద్రా, 4151 అంకే చూసి రెండు హెల్మెట్లు కొనిపించాను. మిగిలిన డబ్బుకి మామూలు సంచీ.

దుకాణంలో వాడు 60 లీటర్ల సంచీమీద చెయ్యి వేశాడు. ఖాళీ వుంటే నింపాలనిపించడం మానవ స్వభావం. మెలికల దారిలో భుజాలమీద ఆ బరువు వూగుతూంటే బండి అదుపు తప్పుతుంది. 30 లీటర్లది, గుండెకీ నడుముకీ పట్టీలున్నది, పైన వానతొడుగున్నది తీసుకున్నాం. బరువైనవి బండికి పక్కల వేలాడే సంచుల్లో వెయ్యమన్నాను. "ఇంత గొడవెందుకు? హాయిగా రైలెక్కితే 58 సొరంగాలు చూడొచ్చు" అని మా ఆవిడ మూడుసార్లు చెప్పింది. ఎవరూ వినలేదు. చివరికి వాళ్ళు బండిమీదా, మేం వెనకాల కారులోనూ అని ఒప్పందం కుదిరింది.

శృంగవరపుకోట దాటి బొడ్డవర వచ్చేసరికి ఎదురుగా కొండలు నీలంగా గోడకట్టాయి. ఘాటు ఎక్కుతూంటే గాలి మారిపోయింది. టైడా దగ్గర తడిసిన వెదురు వాసన. అనంతగిరి చుట్టుపట్ల వెండి ఓకు చెట్లకింద కాఫీ మొక్కలు, ఆ ఓకు చెట్లమీద మిరియం తీగలు. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ గాలికి ఇలాంటి చెట్లెన్నో కూలి, నీడపోయిన కాఫీ తోటలు ఎండిపోయాయి. పచ్చదనం చూసి మురిసిపోయే మనకి ఆ సంగతి తట్టదు.

అనంతగిరి దాటాక వాన మొదలైంది. ఒక టీకొట్టు చూరుకింద ఆగాం. వాడి వానకోటు ఎక్కడ? సంచీ అడుగున! బట్టలూ, కెమెరా, మూడు జతల జోళ్ళూ బయటపడ్డాక అది కనిపించింది. అప్పటికి పైన వున్నవన్నీ ముద్దయ్యాయి.

అంతలో పైదారినుంచి ఒక ముసలాయన కావిడితో దిగి వచ్చాడు. తలమీద వెదురుతోనూ అడ్డాకులతోనూ అల్లిన గిడుగు. నడుముకి కత్తి. రొంటిని కాగితంలో చుట్టిన అగ్గిపెట్టె. ఆయన సామానంతా అదే. అరచెయ్యి చాపితే అన్నీ అందుతాయి.

"తాతా, పైన వాన గట్టిగా వుందా?" అని అడిగాడు మావాడు.

"వాన కేటి బాబూ, కురుస్తాది. పొద్దున గెడ్డ తెల్లగా పారింది. ఇప్పుడు ఎర్రబడిపోనాది. నీరు కూడా తగ్గిపోనాది. ఎల్లకండి."

వానలో నీరు తగ్గడమేమిటని మావాడు నవ్వబోయాడు. నాకు మాత్రం ఒళ్ళు ఝల్లుమంది. పైన ఎక్కడో మట్టి జారి గెడ్డకి అడ్డుపడితేనే అలా జరుగుతుంది. చిన్న రాళ్ళు అదేపనిగా రాలడం, నిటారు చెట్లు వంగడం, నేలలో కొత్త పగుళ్ళు, గెడ్డనీరు ఉన్నట్టుండి బురద కావడం, తగ్గడం, ఇవన్నీ చరియ కదిలేముందు కనిపించే గుర్తులే. మేం చదివి తెలుసుకున్నది ఆయన పొద్దున్నుంచీ చూస్తున్నాడు.

టీ తాగుతూ ఆయన తమ వూరి సంగతి చెప్పాడు. రోడ్డు లేదు. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే కర్రకి దుప్పటి కట్టి డోలీలో మోసుకొస్తారు. "వానరోజున మోసేవోడి కాలు జారితే ఇద్దరూ పోతారు. అందుకే గెడ్డని సూసి గాని బయలెల్లం" అన్నాడు. మావాడి కొత్త సంచీని అటూ ఇటూ తిప్పి చూసి, పట్టీలు బాగున్నాయని మెచ్చుకున్నాడు.

మావాడు ముఖం మాడ్చుకున్నాడు గాని బండి వెనక్కి తిప్పాడు. ఆ రాత్రి అనంతగిరిలో ఒక గదిలో నలుగురం సర్దుకున్నాం. తెల్లవారి వాన వెలిశాక బయల్దేరితే, టీకొట్టుకి కాస్త ఎగువన సగం రోడ్డుమీద ఎర్రమట్టి కుప్ప పడి వుంది. మధ్యన ధాన్యం బస్తా అంత బండ. కూలీలు పారలతో తోస్తున్నారు. మావాడు బండి దిగి, హెల్మెట్ తీసి, చాలాసేపు ఆ బండవంక చూస్తూ నిలబడ్డాడు. వాడి స్నేహితుడు ఫొటో తీయబోతే వద్దన్నాడు.

అరకు చూశాం. సుంకరిమెట్ట కాఫీ తాగాం, చాపరాయి నీళ్ళలో కాళ్ళు పెట్టలేదు. పైన వానపడ్డ రోజున అక్కడ దిగకూడదు. లంబసింగిని పుష్యమాసానికి వాయిదా వేశాం.

తిరుగు ప్రయాణంనాడు పొద్దున్నే వరండాలో వాడు సంచీ అంతా కుమ్మరించి మళ్ళీ సర్దాడు. జోళ్ళు అడుగున, బట్టలు మధ్యన, టార్చీ పక్క జేబులో, వానకోటు అన్నిటికన్నా పైన. నావంక గర్వంగా చూశాడు. మా ఆవిడ వచ్చి, ఆ వానకోటు మీద పులిహోర డబ్బా పెట్టి పట్టీ బిగించింది.