ఒళ్ళూ - ఊపిరీ

మన ఇళ్ళలో మనిషి చిక్కితే జాలిపడతారు. లావెక్కితే "కాస్త ఒళ్ళు చేశావు" అని మెచ్చుకుంటారు. మా అక్కయ్య యాభైయేళ్ళు దాటేదాకా ఆ మెప్పుతోనే వెళ్ళబుచ్చింది. పెళ్ళినాడు 48 కిలోలున్న మనిషి 82కు చేరింది. "ఇంటి ఇల్లాలు నిండుగా ఉండాలోయ్!" అనేవారు బావగారు.

రెండేళ్ళ కిందట ఆయాసం మొదలైంది. మేడమెట్లు నాలుగెక్కితే ఆయాసం, వంగి ముగ్గు వేస్తే ఆయాసం. రాత్రిళ్ళు తలకింద రెండు దిండ్లుంటే గాని నిద్రపట్టదు. ఉబ్బసమని ఒకరూ, వయసని ఒకరూ, దిష్టి అని మా పిన్నీ తేల్చారు. అక్కయ్య భయం వేరు. నాన్నగారిని తీసుకుపోయిన గుండెజబ్బే తనకూ వచ్చిందనుకుంది. "పిల్ల పెళ్ళి చూస్తానంటావుట్రా?" అని ఒకనాడు నన్నడిగింది.

మర్నాడే డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆయన ముందు గుండె పరీక్ష, రక్తపరీక్ష చేయించారు. రెండూ బాగానే ఉన్నాయి. పిమ్మట ఒక గొట్టం నోట పెట్టి బలంగా ఊదమన్నారు. అది స్పైరోమీటరు. జాన్ హచిన్‌సన్ అనే ఇంగ్లీషు వైద్యుడు రెండువేల మందికి పైగా ఊదించి చూసి, 1846లో దాని వివరాలు ప్రకటించాడు. మనిషి పొడుగును బట్టి ఊపిరి పెరుగుతుందని ఆయన కనిపెట్టాడు. లావును బట్టి పెరగదు మరి!

"ఉబ్బసం జాడ లేదమ్మా, మీ ఊపిరితిత్తులకు చోటే చాలడం లేదు" అన్నారు డాక్టరుగారు.

రొమ్ముకూ పొట్టకూ నడుమ గొడుగులాంటి కండరం ఒకటుంది. గాలి పీల్చినప్పుడల్లా అది కిందికి దిగాలి. పొట్టలో పేరుకున్న కొవ్వు దాన్ని దిగనివ్వదు, పైకి నెడుతుంది. రొమ్ముమీది కొవ్వు పక్కటెముకలకు బరువవుతుంది. కొలిమితిత్తి మీద బియ్యం బస్తా పెట్టి ఊదమన్నట్టు! తిత్తుల అడుగుభాగాలు సరిగా విచ్చుకోవు. వెల్లకిలా పడుకుంటే మరీ కష్టం.

అలాగని మరీ బక్కచిక్కడమూ మేలు కాదు. ఊపిరి తీసే కండరాలే నీరసిస్తాయి.

అక్కయ్య అన్నం తగ్గించి, కూరలు పెంచి, పొద్దున్నే నడక మొదలుపెట్టింది. పది నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గింది. ఒక దిండు అటకెక్కింది. మొన్న మాఘంలో కూతురి పెళ్ళిలో, వియ్యాలవారి విడిదికీ పందిరికీ ఆవిడే పదిసార్లు తిరిగింది. బావగారే వెనకబడ్డారు.

మీ ఇంట్లో ఎవరికైనా ఆయాసం వస్తుంటే లావేనని నవ్వి ఊరుకోకండి, వయసేనని సరిపెట్టుకోకండి. ముందు గుండె చూపించండి. ఆ తరువాత నడుముకొలత చూసుకోండి.