నిటారుగా లేచి, చప్పుడు తగ్గించి

కాలిఫోర్నియాలోని ఇర్విన్‌లో మా పిన్ని కొడుకు ఇంట్లో దిగాను. ఆ వీధిలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాళ్లలో ఒకాయన ప్యాసింజర్ విమానాలు నడిపే కెప్టెన్, తెనాలి వైపువారు. పక్కనే ఉన్న జాన్ వేన్ విమానాశ్రయం నుంచి విమానం లేపడం ఇంకెక్కడి తీరూ కాదని ఆయన చెబుతుంటే ఆగలేక, మర్నాడు తెల్లవారుజామునే ఆయన వెంట బయల్దేరాను.

పార్కింగ్ భవనం పైఅంతస్తుకి చేరేసరికి ఏడు కావస్తోంది. విమానాలు అప్పటికే వరుస కట్టాయి. పొద్దున 7కి ముందు, రాత్రి 10 తర్వాత ప్రయాణికుల విమానం ఏదీ ఇక్కడి నుంచి లేవకూడదు. ఆదివారమైతే 8 దాకా ఆగాలి. దిగేవాటికి మాత్రం రాత్రి 11 వరకు గడువుంది.

పెద్ద రన్‌వే పొడవు 5,700 అడుగులే. మన శంషాబాద్ రన్‌వేలో సగం కూడా లేదు. మొదటి విమానం దాని కొసన నిలిచింది. బ్రేకులు పట్టి ఉంచి ఇంజిన్ల జోరు పెంచారు. వదలగానే దూసుకెళ్లి, ముక్కు పైకెత్తి, చూస్తుండగానే నిటారుగా ఎక్కేసింది.

"మామూలుగా అయితే ఇంజిన్ పూర్తి బలం వాడమండీ. బరువు, ఎండ, రన్‌వే పొడవు లెక్కగట్టి ఎంత సరిపోతే అంతే. ఇంజిన్ ఎక్కువకాలం మన్నుతుంది. ఇక్కడ మాత్రం చాలాసార్లు ఉన్నదంతా పెట్టాల్సిందే," అన్నారు కెప్టెన్ గారు.

అంత జోరు ఎందుకంటే, ఇళ్లు వచ్చేలోపు వీలైనంత ఎత్తుకు చేరాలి. చేరాక జోరు తగ్గించాలి. సముద్రం వైపు న్యూపోర్ట్ బీచ్ ఊరుంది. విమానాలు కొద్దిగా ఎడమకు తిరిగి, ఆ ఊరి మధ్యలో ఉన్న 'బ్యాక్ బే' అనే ఉప్పునీటి పాయ మీదుగా పోతాయి. జోరు తగ్గించేటప్పుడు ఇంజిన్లు ఆగిపోయాయేమోనని లోపలివాళ్లు హడలిపోతారు. అందుకే పైలట్లు బయల్దేరే ముందే మైకులో చెబుతారు: కాసేపట్లో ఇంజిన్ చప్పుడు తగ్గుతుంది, కంగారు పడకండి అని.

కారులో ఆ పాయ ఒడ్డుకి వెళ్లాం. తుంగలో కొంగలు, నడకకొచ్చిన ముసలివాళ్లు, తలెత్తితే విమానం పొట్ట. అక్కడ నిలబడితేనే ఆ ఊరివాళ్ల పట్టుదల అర్థమైంది. వాళ్లు, వాళ్ల నగరపాలక సంస్థ కలిసి విమానాశ్రయాన్ని నడిపే కౌంటీ ప్రభుత్వం మీద కోర్టుకెక్కారు. 1985లో రాజీ ఒప్పందం కుదిరింది. వేళలు, ఏటా ఎంతమంది ప్రయాణించవచ్చు, ఎంత చప్పుడు చేసే విమానాలు రోజుకెన్ని లేవచ్చు, అన్నీ అందులో రాసుకున్నారు. విమానాశ్రయాలు ఇష్టప్రకారం ఇలాంటి ఆంక్షలు పెట్టకుండా 1990లో అమెరికా చట్టం చేసింది. ఈ ఒప్పందం అంతకుముందుది కాబట్టి నిలిచింది. ఇప్పుడది 2030 వరకు పొడిగింపులో ఉంది.

దానికి కోరలు ఇచ్చింది చప్పుడు కొలిచే మైక్రోఫోన్లు. శాశ్వతంగా పాతినవి 10 ఉంటే, 7 ఈ సముద్రం వైపే. ఒక్కో చోటికి ఒక్కో హద్దు. మూడు నెలల సగటు ఆ హద్దు దాటకూడదు. 'శబ్ద కాలుష్యం తగ్గించాలి' అని బోర్డు పెట్టి ఊరుకోవడం కంటే ఇది ఎంత నిజాయితీ గల పని! అంకె ఉంది, కొలిచే పరికరం ఉంది, జవాబు చెప్పాల్సిన సంస్థ ఉంది.

మరి ప్రాణభద్రత? 1993లో అమెరికా విమానయాన శాఖ తన మార్గదర్శకాల్లో గీత గీసింది: 800 అడుగులకు లోపు జోరు తగ్గించకూడదు. తగ్గించాక ఒక ఇంజిన్ ఆగిపోయినా విమానం కిందికి జారకూడదు. ఆ పైన రెండు పద్ధతులు. రెక్కల ఫ్లాపులు అలాగే ఉంచి, వేగం పెంచకుండా 3,000 అడుగుల దాకా ఎక్కితే రన్‌వే దగ్గరి ఇళ్లకు ఉపశమనం. ముందే వేగం పెంచుకుంటూ ఫ్లాపులు ముడిస్తే దూరపు ఇళ్లకు మేలు. ఇది విన్నాక నా మనసు కాసేపు అక్కడే ఆగిపోయింది. ఏ పద్ధతి ఎంచుకున్నా ఎవరో ఒకరి పైకప్పు మీద మోత మిగులుతుంది. ఎవరిదన్న నిర్ణయం కాక్‌పిట్‌లో అప్పటికప్పుడు జరగదు. విమానసంస్థ ముందే రాసిపెడుతుంది, పైలట్ పాటిస్తాడు.

"సరిగ్గా జోరు తగ్గించే క్షణంలో ఇంజిన్ హెచ్చరిక వెలిగితే?" అని అడిగాను.

"మైక్రోఫోన్లు గుర్తే ఉండవండీ. కావలసిన బలమంతా పెట్టి విమానాన్ని కాపాడుకుంటాను. దానికెవరూ తప్పు పట్టరు."

మేం మాట్లాడుతుండగానే ఇంకో విమానం పాయ మీదికొచ్చింది. ఒక పెద్దావిడ ఆగి, వాచీ చూసుకుని, మళ్లీ నడక సాగించింది.

"చలికాలం ముందు ఎడారి నుంచి శాంటా అనా గాలులు వీస్తాయి," అన్నారు కెప్టెన్ గారు. "గాలికి ఎదురుగానే లేవాలి కదండీ, అప్పుడు అందరం ఉత్తరం వైపు లేస్తాం. ఇక్కడివాళ్ల నెత్తిమీద దిగే విమానాలుంటాయి, లేచే వాటి మోత అటువైపు వాళ్లకు. అలాంటి రోజున రండి, అటు తీసుకెళ్తాను."